పదిహేడు వేలిముద్రలు

గత వారం కథ వంటశాల పొయ్యి ముందు ఆగింది. మెదక్ పట్టణంలోని ఆ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో మూడు వందల మంది పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే రషీదాకు, అన్నం గంజు మీద మూత పెడుతుండగా హెడ్మాస్టరు గారి పిలుపు వచ్చింది. అంతకు నాలుగు రోజుల ముందు బడి నుంచి ప్రతి ఇంటికీ రెండు అభిప్రాయ పత్రాలు వెళ్లాయి: విద్యార్థిది ఒకటి, తల్లిదండ్రులది ఒకటి. శుక్రవారం జిల్లా బృందం వాటిని చదివి, కొత్త గదులు ఏ బడికి ఇవ్వాలో తేలుస్తుంది. రాయడం రాని తల్లులు పదహారు మంది రషీదా వాకిట్లో చేరారు. పదిహేడో మనిషి రషీదాయే. రాసిపెట్టింది ఆమె కూతురు, పదో తరగతి చదివే ఫరీహా. ఇంకు ప్యాడ్ రేషన్ దుకాణం నుంచి అడిగి తెచ్చినది, నాలుగింటికి తిరిగి ఇవ్వాలి. అందుకని ఆడవాళ్లంతా చెప్పవలసింది చెప్పి, ఖాళీ కాగితాల మీద వరసగా వేలిముద్రలు వేసి వెళ్లిపోయారు. పేర్లూ మాటలూ ఫరీహా ఆ తర్వాత నింపింది.

ఆఫీసు గది ముందు రషీదా చెప్పులు విడిచింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేని చేతులనే మరోసారి తుడుచుకుంది. లోపల ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద కాగితాల అంచులు లేస్తూ పడుతున్నాయి. ముగ్గురు మనుషులున్నారు.

“లోపలికి రా రషీదమ్మా, కూసో,” అన్నాడు హెడ్మాస్టరు మదన్ మోహన్.

“నిలవడ్త సార్. గంజు పొయ్యి మీదున్నది.”

“రామమ్మ చూస్తది తియ్యి.”

రామమ్మ ఆమెతో కలిసి వండే మనిషి. రషీదా కుర్చీ అంచున కూర్చుంది. ఎదుటి కుర్చీలో భూలక్ష్మి ఉంది. ఆమె తల్లిదండ్రుల కమిటీకి చైర్‌పర్సన్, చౌరస్తాలో కుట్టు మిషన్ పెట్టుకున్న మనిషి. ఈ బడి పిల్లల యూనిఫాంలు సగం ఆమె చేతి మీదే కుట్టినవి. గోడ వారగా తెలుగు చెప్పే రజని మేడం నిలబడి ఉంది. ఆమెది ఏడాదికి ఏడాది పొడిగించే తాత్కాలిక కొలువు. ఎప్పుడూ నవ్వే మనిషి, ఈ రోజు నేల చూపులు చూస్తోంది.

మదన్ మోహన్ పైకట్ట అందుకున్నాడు. “ఇవి పిల్లలయి. నీ వంట గురించి ఏం రాసిండ్రో విను. ‘పప్పు మంచిగుంటది. సాంబారు మంచిగుంటది. రెండింటికి తేడా మాత్రం తెల్వది.’”

భూలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఇచ్చిన పప్పు వారానికి నాలుగు దినాలకే సరిపోతది సార్,” అంది రషీదా. “తేడా నేను యాడికెళ్లి తేవాలె?”

“ఇంకోడు రాసిండు, ‘లెక్కల సారు చెప్తే అర్థమైతది. సారు రావాలె గద.’ ఈ పిల్ల చూడు, ‘మా బళ్ల కంప్యూటర్లు ఎనిమిది ఉన్నయి. దసరాకు బొట్టు పెట్టినప్పుడు చూసినం.’” ఆయన కూడా నవ్వాడు. నవ్వు ఆగిన తర్వాత కట్టను పక్కన పెట్టాడు, నవ్వునూ దానితోనే పక్కన పెట్టినట్టు. “పిల్లలు గట్లనే రాస్తరు. జిల్లావాళ్లు చదివి వాళ్లూ నవ్వుతరు. గది కురుస్తున్నదని రాసిండ్రు, మంచిదే, గదుల కోసమే గద మన తండ్లాట. నాలుగేండ్ల నుంచి తిరుగుతున్న నేను ఆ గదుల కోసం. ఇగ ఇవి పెద్దలయి.”

రెండో కట్ట చిన్నది. దారంతో కట్టి ఉంది.

“మీ గల్లీ నుంచి వచ్చినయి. పదిహేడు. పదిహేడు కూడ ఒక్క చేతి రాత.”

కాగితాలను ఆయన బల్ల మీద పరిచాడు. రషీదాకు తెలుగు అక్షరం రాదు. అయినా ఆ రాతను చూస్తే ఆమెకు మనసు నిండింది. గుండ్రని అక్షరాలు, ఒకదాని భుజం ఒకటి తగలకుండా వరసలో నిలబడిన అక్షరాలు. మాపటిపూట దీపం కింద, చాప మీద, నాలుక పంటి కింద పెట్టుకుని ఫరీహా రాసుకునే అక్షరాలు. గర్వం వచ్చినంత వేగంగానే భయమూ వచ్చింది.

“ఇటు చూడు,” అని ఆయన కిటికీ అవతలి తరగతి గదిలో నల్లబల్లను చూపించాడు. పొద్దున రజని మేడం రాసిన పద్యం ఇంకా దాని మీద ఉంది. “అదే రాత. అదే వంపు. నేను ముప్పై ఏండ్ల సంది పేపర్లు దిద్దుతున్న, రాత పోల్చలేనా?”

“నేను రాయలేదు సార్,” అంది రజని.

“మరి ఎవరు రాసిండ్రు?”

రజని దగ్గరకు వచ్చి ఒక కాగితం ఎత్తింది. చదివింది. చదవడం అయిపోయినా కళ్లు అక్కడే ఉన్నాయి. రెండేళ్లు పక్కన కూర్చుని, వేళ్లు పట్టి దిద్దించిన చేతిని ఏ టీచరు మరిచిపోతుంది? ఆమెకు తెలిసిపోయింది, తెలిసిపోయిందన్న సంగతి రషీదాకు తెలిసిపోయింది. కాగితాన్ని ఉన్న చోటే మెల్లగా పెట్టి రజని మళ్లీ గోడ దగ్గరికి వెళ్లింది.

“నాకు తెల్వది సార్.”

ఆ అబద్ధం రషీదా చెవిలో పడి లోపల ఎక్కడో బరువుగా దిగింది. తన బిడ్డ కోసం వేరే మనిషి ఆడిన అబద్ధం.

“స్టాఫ్ మీటింగుల రెండుసార్లు మీరు ఆ ముచ్చటే తెచ్చిండ్రు మేడం,” అన్నాడు మదన్ మోహన్, గొంతు పెంచకుండా. “నేను ఆగుండ్రి అన్న. ఇప్పుడు అదే ముచ్చట ఒక తల్లి పేరు మీద కాగితంల వచ్చింది. పదహారు కాగితాలతోని నాకు తిప్పల లేదు. ఒక్క కాగితంతోని వస్తది. అది శుక్రవారం నాడు వాళ్లు చదివితే గదులు ఇంకో బడికి పోతయి.” సొరుగులోంచి టైపు చేసిన ఉత్తరం తీసి భూలక్ష్మి వైపు జరిపాడు. “టీచరే కూసోని తల్లుల పేరు మీద రాసింది, ఈ కాగితాలు లెక్కకు తీసుకోవద్దు, మేడం సేవలు మాకు అవసరం లేదు అని రాసిన. నీ సంతకం కావాలె. మూడింటికి ఎల్లం పట్టుకపోయి జిల్లా ఆఫీసుల ఇస్తడు.”

ఎల్లం అటెండరు. గుమ్మం బయట స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తన పేరు వినపడగానే కాళ్లు సర్దుకున్నాడు.

భూలక్ష్మి కలం మూత తీసింది, మూతను వేళ్ల మధ్య తిప్పింది. “పాపం సార్. మేడం మంచిగ చెప్తది. మా పోరి పద్యాలు నిద్రల కూడ చదువుతది.”

“మంచిగ చెప్పుడు వేరు, ఇది వేరు. రషీదమ్మా, ఒక్క మాట అడుగుత, ఉన్నదున్నట్టు చెప్పు. మేడం మీ గల్లీకి ఎప్పుడొచ్చింది?”

రషీదాకు ఆ క్షణంలో రెండు దారులు కనిపించాయి. రాలేదని చెప్పి ఊరుకోవచ్చు. మిగతాది ఆయనే అనుకుంటాడు, ఉత్తరం మూడింటికి వెళ్తుంది, రేపు ఆమె మళ్లీ గంజు ఎక్కిస్తుంది. లేదా ఉన్నదంతా చెప్పవచ్చు. భర్త వాహెద్ మోటార్ వైండింగ్ దుకాణం ఏడాదిలో నాలుగు నెలలే నడుస్తుంది. మిగతా నెలలు ఇల్లు నడిచేది ఈ వంట మీదే. పరీక్షలకు నాలుగు నెలలే ఉన్నాయి; పదో తరగతి పిల్ల మీద హెడ్మాస్టరుకు కోపం వస్తే ఎటు పోవాలి?

గోడ దగ్గర రజని మేడం తల ఎత్తలేదు. ఎత్తి ఒకసారి చూసి ఉంటే, అడిగినట్టు చూసి ఉంటే, రషీదా ఊరుకునేదేమో.

“మేడం రాలేదు సార్,” అంది. “రాసింది మా ఫరీహా. మేమందరం చెప్పినం, అది రాసింది. మేడం నేర్పిన రాత గనుక గట్లనే ఉంటది.”

మదన్ మోహన్ కాగితాల మీద నుంచి తల ఎత్తాడు.

“మీరు చెప్పింది చెప్పినట్టు రాసిందా?”

“రాసింది సార్.”

“నువ్వేం చెప్పినవు?”

“బడి మంచిగున్నదని చెప్పిన. సార్లు మంచోళ్లు, ఏ ఇబ్బంది లేదు, గంతే రాయి అన్న. ఇక్కడ వండుకొని బతుకుతున్న, ఇంకేం చెప్త?”

మదన్ మోహన్ ఒక కాగితాన్ని మిగతా వాటి నుంచి వేరు చేశాడు. చదివే ముందు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తుడవడంలో కోపం లేదు. రోగికి కబురు చెప్పబోయే డాక్టరు తీరు ఉంది.

“‘నా పేరు రషీదా. నేను ఈ బడిలోనే వంట చేస్తాను. నా బిడ్డ పొద్దున ఇంట్లో అర గ్లాసు నీళ్లు తాగుతుంది. మళ్లీ సాయంత్రం ఐదున్నరకు ఇంటికి వచ్చాకే తాగుతుంది. బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం ఉంటుంది. చెవి అటెండర్ దగ్గర ఉంటుంది. మగవాళ్లు కూర్చున్న చోటికి పోయి చెవి అడగడం మాకు సిగ్గు. అడిగితే పుస్తకంలో పేరు రాస్తారు, టైము రాస్తారు. ఆ పుస్తకం బల్ల మీదే ఉంటుంది, మగపిల్లలు చదువుతారు. అందుకని మేము నీళ్లు తాగడం మానుకున్నాము. నెలలో నాలుగు రోజులు బడికి రావడం మానుకున్నాము. ఈ బడిలో చదువు మంచిగుంటుంది. మాకు ఇక్కడే చదవాలని ఉంది.’”

మొదట తల్లి మాటగా మొదలైన రాత నడుమ ఎక్కడో బిడ్డ మాటగా మారిపోయింది. ఆ సంగతి ఆయన గమనించాడు, భూలక్ష్మి గమనించింది. రషీదాకు అదేదీ తట్టలేదు. ఆమెకు గ్లాసులు కనిపిస్తున్నాయి.

వంటశాల దగ్గర నీళ్ల డ్రమ్ము ఆమే నింపుతుంది. మూత మీద వరసగా స్టీలు గ్లాసులు ఆమే బోర్లిస్తుంది. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు పళ్లాలతో వస్తారు, గ్లాసులు మోగుతాయి. ఫరీహా కూడా వస్తుంది. అన్నం పెట్టించుకుంటుంది, పప్పు పోయించుకుంటుంది, అమ్మ ముఖం చూసి చిన్నగా నవ్వి వెళ్లిపోతుంది. గ్లాసు తీసుకోదు. ఎన్నడూ తీసుకోలేదు. దోస్తులతో కూర్చోవాలని తొందరేమో అనుకుంది రషీదా. అక్టోబరులో జ్వరం వచ్చినప్పుడు దవాఖానకు తీసుకుపోయింది. నవంబరులో మళ్లీ తీసుకుపోయింది. నడుము నొప్పి, మంట, చలి. నీళ్లు తాగుతున్నవా బిడ్డా అని డాక్టరమ్మ అడిగితే, తాగుతున్న మేడం అంది ఫరీహా, అమ్మ వైపు చూడకుండా. మూడు వందల మంది పిల్లల దాహం తీర్చే డ్రమ్ముకు యాభై అడుగుల దూరంలో తన పిల్ల పొద్దంతా ఎండిన నోటితో పాఠం విన్నది.

“ఇవి నువ్వు చెప్పిన మాటలేనా?” మదన్ మోహన్ అడిగాడు.

“కాదు సార్.”

“మరి ఈ వేలు?”

ఆయన కాగితాన్ని ఆమె ముందుకు తిప్పాడు. రషీదా వంగి చూసింది. తన బొటనవేలి మీద కత్తిపీట తెగిన గాటు ఉంది, నిరుడు గుమ్మడికాయ తరిగేటప్పుడు పడింది. ముద్ర ఎక్కడ వేసినా ఆ గాటు తెల్ల గీతగా పడుతుంది. ఈ కాగితం మీద ముద్ర నిండుగా, గుండ్రంగా ఉంది. గీత లేదు.

“ఇది నాది కాదు.”

ఆమె మిగతా పదహారింటినీ ఒక్కొక్కటిగా చూసింది. ఆరో దాని మీద తెల్ల గీత కనిపించింది. “ఇగో, ఇది నాది.”

మదన్ మోహన్ దాన్ని చదివాడు. “‘నా పేరు రామమ్మ. మా పోరడు ఇంటికాడ పుస్తకం ముట్టడు. బళ్లనన్న జర కొట్టి చదివించుండ్రి.’” భూలక్ష్మికి నవ్వు వచ్చి, ఆ గదిలో నవ్వు ఇమడక, దగ్గుగా మారింది.

ఏం జరిగిందో రషీదాకు అర్థమైంది. ముద్రలు పడిన ఖాళీ కాగితాలు దొంతరగా ఉన్నాయి. ఏ వేలు ఎవరిదో ఫరీహా గుర్తు పెట్టలేదు. గుర్తు పెట్టాలని వాకిట్లో ఎవరికీ తోచలేదు. ఒకరి వేలి పక్కన ఇంకొకరి పేరు పడింది.

మదన్ మోహన్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన ముఖంలో బరువు కొంత దిగింది. “చూడు రషీదమ్మా. నేను నీకు చెడ్డ చేసేటోన్ని కాదు. ఈ మాట నేను చెప్పలేదు, ఈ వేలు నాది కాదు అని రెండు ముక్కలు అను. భూలక్ష్మి రాసుకుంటది. రెండూ నిజాలే గద, నిన్ను అబద్ధం ఆడుమంటలేను. నీ బిడ్డ పేరు యాడ రానియ్య. నీ పొయ్యి నీకుంటది.”

“మేడం?”

“పదో తరగతి పిల్ల తనకు తాను ఇంత రాస్తదా? పక్కన ఉండి రాయించినోళ్లు ఉంటరు. ఆ సంగతి నేను చూసుకుంట.”

“సారు చెప్పిన తొవ్వ మంచిదే రషీదక్కా,” అంది భూలక్ష్మి, ఆమె మోకాలి మీద చెయ్యి వేసి. “కొలువు ఒకసారి పోతే మల్ల రాదు. బిడ్డ పరీక్ష రాసేదున్నది.”

“అనుండ్రి అక్కా,” గోడ దగ్గర నుంచి రజని అంది. అందరూ అటు చూశారు. “నాకేం కాదు. ఇంకో బడి చూసుకుంట.”

రషీదా ఆమెను చూసింది. పాతికేళ్లుంటాయి. తన బిడ్డకు రాత ఇచ్చింది, తన బిడ్డ కోసం అబద్ధం ఆడింది, ఇప్పుడు కొలువు కూడా ఇచ్చేస్తానంటోంది. నిజం రెండు ముక్కలుగా నాలుక మీదే ఉంది. అంటే చాలు, పొయ్యి మీద మళ్లీ గంజు ఎక్కుతుంది. కానీ ఆ రెండు నిజాలు ఒక్కచోట చేరితే, బడిలో పిల్ల నీళ్లు తాగడం లేదన్న మూడో నిజం అబద్ధమైపోతుంది.

“ఇంకు ప్యాడ్ ఉన్నదా సార్?”

మదన్ మోహన్ అర్థం కానట్టు చూశాడు. ప్యాడ్ బల్ల చివర స్టాంపుల పక్కనే ఉంది. రషీదా లేచి తానే అందుకుంది. బొటనవేలు అద్దింది. తన పేరున్న కాగితాన్ని ఎడమ చేత్తో అదిమిపట్టి, ఎవరిదో గుండ్రని ముద్ర పక్కన, వేలు నిదానంగా ఆనించి తీసింది. తెల్ల గీత అడ్డంగా పడింది.

“ఇప్పుడు వేలు నాది,” అంది. “మాట నేను చెప్పలే, అది నిజమే. ఎందుకు చెప్పలే అంటే నాకు తెల్వకుండె. ఇప్పుడు తెలిసింది, ఇప్పుడు చెప్తున్న. శుక్రవారం వాళ్లొస్తే వాళ్ల ముంగట కూడ చెప్త. వంట ఎవలకిస్తరో ఇయ్యుండ్రి సార్.”

భూలక్ష్మి ఉత్తరం వైపు చూసింది. కలానికి మూత పెట్టింది. సంతకం చేయనని నోటితో అనలేదు. ఉత్తరాన్ని రెండు వేళ్లతో బల్ల అవతలి వైపుకు జరిపింది.

ఎండ కిటికీ చువ్వల గుండా వచ్చి కాగితాల మీద చారలు గీసింది. చివరికి మదన్ మోహన్ లేచి బీరువా తెరిచాడు.

“ఆ తాళం నేనే వేసిన్నని అందరు అనుకుంటరు,” అన్నాడు, వీపు ఇటు ఉండగానే. “మేడం కూడ గట్లనే అనుకున్నది. జూలైల ఆ మరుగుదొడ్లె వీడియో తియ్యనీకి ఎవడో పెట్టిన ఫోన్ దొరికింది. పెట్టినోడు దొరకలేదు. తెల్లారి తండ్రులు పదకొండు మంది ఇదే గదిలకొచ్చిండ్రు. తాళం వెయ్యాలె, ఎవరు పోతున్నరో పుస్తకంల రాయాలె, లేకుంటే బిడ్డల బడి మాన్పిస్తం అన్నరు. చెవి సైన్స్ మేడం దగ్గరుంచినం. ఆమె నర్సాపూర్‌కు బదిలైంది. తాత్కాలికపోళ్లకు తాళాలు ఇయ్యొద్దని పైనుంచి ఆర్డర్. గట్ల ఎల్లం దగ్గరికి వచ్చింది. అది నా తప్పే, ఒప్పుకుంట. తాళం మాత్రం నాది కాదు.”

ఒక దరఖాస్తు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. “ఇది కూడ తల్లిదండ్రుల అభిప్రాయమే రషీదమ్మా. దీనికి ఏ ఫారం లేకుండె.”

కింద సంతకాలు వరసగా ఉన్నాయి. తెలుగులో పది. అన్నిటికంటే పైన, అందరికంటే ముందు, ఉర్దూలో ఒకటి. రాయడం రాకపోయినా చిన్ననాడు ఖురాన్ పారా చదివి ఆ లిపిని పోల్చగలిగే మనిషి రషీదా. కుడి నుంచి ఎడమకు ఆమె చూపు నడిచింది. నాలుగే అక్షరాలు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆమె నోటితో ఒక్కసారీ పలకని పేరు.

వాహెద్.

జూలై నుంచి నవంబరు దాకా ఒకే చాప మీద కూర్చుని తిన్నారు. రెండుసార్లు ఆ పిల్లనూ తననూ దవాఖానకు బండి మీద ఎక్కించుకుని పోయింది ఆయనే. గోలీలు తెచ్చింది ఆయనే. ఒక్క మాట అనలేదు.

“ఈ కాగితం ఒక్క పూటకు ఇస్తరా సార్,” అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. “ఇంటికి తీసుకపోయి తెస్త.”

“తీసుకపోవుడు ఎందుకు? పొద్దున నిన్ను పిలిచినప్పుడే ఆయనకు కూడ ఫోన్ చేసిన.”

బయట బండి ఆగింది. ఎల్లం స్టూలు మీంచి లేచిన చప్పుడు. కొంతసేపటికి వరండాలో రెండు జతల అడుగులు, ఒకటి బరువుగా, ఒకటి తేలికగా.

“క్లాసుల కెళ్లి బిడ్డను కూడ తోలుకొచ్చిన సార్,” అన్నాడు వాహెద్ గుమ్మంలో నుంచి, చేతులకు అంటిన గ్రీజును గుడ్డకు తుడుచుకుంటూ. “ఏం తప్పు చేసిందో దాని ముంగటనే చెప్పుండ్రి. తప్పైతే నేనే నాలుగు తగిలిస్త.”

ఫరీహా తండ్రి వెనక నిలబడింది. బల్ల మీద పరిచిన తన రాతను చూసింది. అమ్మ వేలికి అంటిన ఇంకును చూసింది.

రషీదా భర్త వైపు చూడలేదు. దరఖాస్తును రెండు చేతులతో ఎత్తి కూతురికి అందించింది.

“ఇది చదువు బేటా. మీ అబ్బాకు ఇనవడేటట్టు చదువు. కింద పేర్లు కూడ చదువు.”